లిడియా కట్టిన వరుస

మా సంఘంలో ఎవరి మనవీ చిన్నది కాదు. ఆ సంగతి అర్థమైన నాటి నుంచి లిడియాకు నిద్రాహారాల మీద ధ్యాస తప్పింది.

లిడియా ఆశీర్వాదం కూతురు. నస్పూర్ బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్లలోనే పుట్టి పెరిగింది. ఆశీర్వాదం ముప్పై మూడేళ్లు బొగ్గు బాయిలో దిగి, పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని చేసి రిటైరైన మనిషి. కూతురు కరీంనగర్‌లో కంప్యూటర్ చదువు చదివి వచ్చి, ఇంటికి దగ్గర్లోని ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు అదే చెబుతోంది. మాట తక్కువ. విసుగొస్తే ఎవరి మీదా అరవదు; జడ విప్పి మళ్లీ మొదటి నుంచీ అల్లుకుంటుంది. ఈ రెండేళ్లలో ఆ పిల్ల ఎన్నిసార్లు జడ అల్లుకుందో దేవునికే తెలుసు.

అంతకుముందు మా గుడిలో ఒక చీటీల డబ్బా ఉండేది. ప్రార్థన కావలసినవారు కాగితం మీద రాసి వేస్తే, పాస్టరయ్యగారు ఆదివారం తీసి చదివేవారు. మంగళవారం వేసిన చీటీ ఆదివారం చదివేసరికి జ్వరమైతే తగ్గిపోయేది, లేదా మనిషి దవాఖానలో ఉండేవాడు. అది చూడలేక లిడియా ఫోనులో తెరుచుకునే 'మనవి' అనే అప్లికేషన్ తయారుచేసింది. అందులో కష్టం రాస్తే, దగ్గర్లో ఉన్న పదిమంది సంఘస్తుల ఫోన్లకు మెసేజీ పోతుంది. వాళ్లు ప్రార్థిస్తారు, అవసరమైతే లేచి వస్తారు. ప్రార్థనకు కాళ్లొచ్చినట్టయింది.

దాన్ని ఆమె జాంగో అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టింది. ఆ పేరు విన్న రోజు ఆశీర్వాదం అడిగాడు:

"గీ జాంగో ఎవలిదే?"

"ఎవలిదీ కాదు బాపు. అందరిది. దునియ మొత్తంల ఉన్నోళ్లు కలిసి రాసిండ్రు. ఎవలైనా తీస్కోవచ్చు, మార్చుకోవచ్చు. బాయిల నీకు కర్రలు కోసి పెడ్తుండ్రి గద, గట్ల. నిలవెట్టుకునుడే మన పని."

"పైసలడగరా?"

"అడగరు."

"మల్ల వాళ్లకేమొస్తది?"

"తెల్వది బాపు. ఒకలకు అక్కెరకొస్తదని రాస్తరు."

"గట్లయితే మంచోళ్లే," అన్నాడు ఆశీర్వాదం. ఆ ఆదివారం డబ్బాలో ఆయన చీటీ ఒకటి వచ్చింది: జాంగో రాసినవారి ఆరోగ్యం కోసం. పాస్టరయ్యగారు గట్టిగా చదివారు. అందరం ఆమెన్ అన్నాం.

మొదటి ఏడాది మా ఒక్క సంఘమే కనుక ఇబ్బంది లేదు. రెండో ఏడాది శ్రీరాంపూర్ వాళ్లు చేరారు, తర్వాత అటు ఆదిలాబాద్ దాకా ముప్పై ఎనిమిది సంఘాలయ్యాయి. అప్పుడు మొదలైంది గోస. పేజీ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పట్టేది. లిడియా వెతగ్గా వెతగ్గా, ప్రతి మనవికీ రాసినవారి పేరు కోసం ప్రోగ్రాం విడివిడిగా డేటాబేసు దాకా పోయి వస్తోందని తేలింది. నల్లా నుంచి చెంబుతో ఒక్కో చెంబూ మోసుకొచ్చినట్టు. బిందె పట్టుకుపోయి ఒక్కసారే తెచ్చేలా మార్చింది. ఆ కిటుకు చెప్పింది ఇంటర్నెట్‌లో ఎవరో. ఏ దేశమో, పేరు పలకడానికి కూడా రాదు. మూడు పేరాల జవాబు రాసి, చివర్లో 'చాలాసేపటి నుంచి కూర్చున్నట్టున్నావు, కొంచెం నీళ్లు తాగు' అని కూడా రాశాడట. ఆ మాట చదివి లిడియా నిజంగానే లేచిపోయి నీళ్లు తాగింది.

ప్రోగ్రాం బాగైంది గానీ మనుషులు బాగు కావాలి కదా. మెసేజీలు పంపే సంస్థ నిమిషానికి ఇరవై కంటే ఎక్కువ పోనివ్వదు. ఒక్కో మనవి పదిమందికి పోవాలి. అంటే నిమిషానికి రెండే మనవులు. మిగిలినవి వరుసలో ఆగాలి. తొందరున్నవాళ్లు వెనకబడిపోతున్నారని లిడియా ఒక ఎర్ర బటన్ పెట్టింది, 'అత్యవసరం' అని. అది నొక్కితే వరుసలో ముందుకు పోతుంది.

వారం తిరక్కుండానే నూటికి తొంభై ఏడు మనవులు అత్యవసరమైపోయాయి.

అందరికంటే ముందు నొక్కేది ఎలీసబెతమ్మ. మా స్త్రీల సమాజానికి ఆమె పెద్ద. గుడి ఊడ్చేది ఆమే, చావింట్లో అందరికంటే ముందు చాయ్ పెట్టేదీ ఆమే. ఒక ఆదివారం లిడియా ఆమెను గుమ్మం దగ్గర ఆపింది.

"అత్తమ్మా, నిన్న మీరు పెట్టిన మనవేంది?"

"మా కోడలు నా మాట ఇనాలెనని."

"గది అత్యవసరమా?"

"నువ్వు మా ఇంట్ల ఒక్క దినం ఉండి సూడు బిడ్డా, తెలుస్తది."

"సరే. మరి పొద్దున పెట్టింది? గులాబి పువ్వు బొమ్మ, శుభోదయమని. గది గూడ మనవేనా?"

"దీవెన బిడ్డా. దీవెన వద్దంటవా?"

"వద్దంటలేను అత్తమ్మా. దానికి గూడ ఎర్ర బటన్ ఎందుకు ఒత్తిండ్రు?"

"పొద్దు దాటినంక శుభోదయం జెప్తె ఏమొస్తది మరి?"

లిడియా జడ విప్పింది.

ఆ యేడు గుడ్ ఫ్రైడేకు ముందు వచ్చే నలభై ఉపవాస దినాల్లో మొదటి శుక్రవారం. ముప్పై ఎనిమిది సంఘాల వాళ్లూ పొద్దున్నే ఉపవాస ప్రార్థన ముగించుకుని ఒక్కసారే ఫోన్లు తెరిచారు. నాలుగు వందల మనవులు, వాటి మీద ఎనిమిది వందల గులాబీలు. సర్వర్ పడిపోయింది. లిడియా లేపింది. మళ్లీ పడింది. బడిలో పాఠాలు వదిలేసి ఆమె మధ్యాహ్నం దాకా దాన్ని లేపుతూనే ఉంది.

ఆ నాలుగు వందల్లో నాగవ్వది ఒకటి. శ్రీరాంపూర్‌లో ఒంటరిగా ఉండే ముసలామె. పొద్దున ఆరింటికి రాసింది: 'జ్వరం. దవాఖానకు తోడు కావాలె. తొందర లేదు.' ఆ మెసేజీ ఎదురింటివాళ్లకు చేరేసరికి మధ్యాహ్నం మూడు. వాళ్లు ఉరికిపోయి చూస్తే ఆమె మంచం పక్కన నేల మీద పడి ఉంది. దేవుని కృప, బతికింది. నాలుగు రోజులు దవాఖానలో ఉంది.

సంఘం కార్యదర్శి అనిల్ కుమార్. బాయి ఆఫీసులో హాజరు రాసే క్లర్కు. గీత దాటడు, దాటనివ్వడు. కమిటీ మాటను ఆయనే లిడియాకు చెప్పాడు.

"చెల్లే, నీ కష్టం నాకెరుకే. కాని గీ మిషినిని నమ్ముకోని నాగవ్వ ఎవల్ని పిలువలే. డబ్బానే ఉంటె పక్కింటోళ్లను పిల్సుకుంటుండె. గుడ్ ఫ్రైడే నాడు ఇంతకు డబల్ జనం వస్తరు. ఆ దినం ఆగకుండ నడిస్తె ఉంచుకుందం. ఆగిందా, బంద్ పెడ్దం. నేను మాట మార్చ."

"సరే అన్న," అంది లిడియా. రెండేళ్ల పని ఒక్క పొద్దుకు వచ్చి నిలబడింది.

ముందు ఆమె నాగవ్వ దగ్గరికి పోయింది, క్షమాపణ చెప్పుకోవడానికి. నాగవ్వ మంచంలో కూర్చుని, ఎవరో తెచ్చిన బన్ను రొట్టెను రెండు ముక్కలు చేసి పెద్దది లిడియా చేతిలో పెట్టింది.

"పెద్దవ్వా, గంత జ్వరం పెట్టుకోని తొందర లేదని ఎందుకు రాసినవ్?" లిడియా గొంతులో కోపమే ఉంది. "ఎర్ర బటన్ ఒత్తితె జర ముందుగాలనే పోతుండె గద!"

"నాకంటె కష్టమున్నోళ్లు ఉండరా బిడ్డా? ఒత్తుదమంటె శెయ్యి రాలే."

"అందరు ఒత్తుతున్నరు!"

"ఆళ్లనెందుకంటవ్. దవాఖాన లైన్ల నిలవడితె ముందటోళ్లు, ఎన్కటోళ్లు కండ్లకు కనవడ్తరు. సంటిపిల్ల తల్లి వస్తె ఎవలు జెప్పకున్నా జరుగుతం. నీ ఫోన్ల ఎవలు కనవడ్తరు? మన కష్టమొక్కటే కనవడ్తది. తిను, గట్లనే పట్టుకున్నవేంది?"

లిడియా ఆ రొట్టె తింటూ ఇంటిదాకా నడిచింది. ఇంటికి రాగానే ఎర్ర బటన్ తీసేసింది. దాని చోట ఇంకొకటి పెట్టింది. మనవి పంపి వరుసలో ఆగిన మనిషి ఫోను తెరిచినప్పుడల్లా, వరుసలోనే ఉన్న మరో ముగ్గురి మనవులు కనబడతాయి. కింద ఒక ప్రశ్న: 'వీరిలో ఎవరైనా మీకంటే ముందు పోవాలా?' ఎవరి పేరైనా నొక్కితే, ఆ మనవి పోయేదాకా మనది ఆగుతుంది. గులాబీలకు వేరే పేజీ ఇచ్చింది, వరుసతో సంబంధం లేకుండా. తర్వాత, ఐదు వేల మంది ఒక్కసారే తెరిచినట్టు నటించే ప్రోగ్రాం ఒకటి రాసి సర్వర్ మీదికి తోలింది. పడలేదు. మళ్లీ తోలింది. పడలేదు. తండ్రికి చూపించింది.

"గట్టిగ నిలవడ్డదే," అన్నాడు ఆశీర్వాదం, కప్పు కింద కర్రను తట్టి చూసినవాడిలా.

గుడ్ ఫ్రైడే వచ్చింది. పొద్దున ప్రార్థన ఆరింటికి అయిపోయింది. గుడి పక్కన సండే స్కూలు గదిలో లిడియా లాప్‌టాప్ ముందు కూర్చుంది. అనిల్ కుమార్ వెనక కుర్చీ వేసుకుని, చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకున్నాడు. మనవులు రావడం మొదలయ్యాయి. వంద, మూడు వందలు, ఆరు వందలు. సర్వర్ తొణకలేదు, బెణకలేదు. ఆరుంబావు దాకా నిమిషానికి రెండేసి చొప్పున ముప్పై మనవులు పోయాయి.

తర్వాత ఒక్కటి కూడా పోలేదు.

లిడియా తెర దగ్గరికి వంగింది. సర్వర్ మీద బరువే లేదు. అంతా పచ్చగా ఉంది. పంపే ప్రోగ్రాం నిద్ర లేచే ఉంది, కానీ పని లేక కూర్చుంది. వరుసలో మాత్రం ఆరు వందల పన్నెండు మనవులు.

"ఏమైంది?" అన్నాడు అనిల్ కుమార్.

"ఏం కాలే అన్న. గదే అర్థమైతలేదు. అంత మంచిగనే ఉన్నది."

"మంచిగుంటె పోవాలె గద."

తలుపు దగ్గర అప్పటికే ఇద్దరు ముగ్గురు స్త్రీలు చేరారు. ముందు ఎలీసబెతమ్మ. "బిడ్డా, నీ మిషిని మల్ల పండుకున్నదా? నాది ఇంక పోలే." అనిల్ కుమార్ లేచిపోయి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మా, ఆ పిల్లను పని చేస్కోనియ్యుండ్రి. ఏదన్నుంటె నన్ను తిట్టుండ్రి," అన్నాడు. మిషిని ఆగితే మూయించవలసిన మనిషి అలా అడ్డం నిలబడటం లిడియా చూసింది గానీ, ఏమీ అనడానికి తీరిక లేదు.

ఆమె ఎలీసబెతమ్మ మనవినే తీసి చూసింది. 'కోడలికి ఏడో నెల. రక్తం తక్కువున్నదన్నరు. సోమవారం కరీంనగర్ దవాఖానకు తోడు కావాలె.' ఎందుకు ఆగింది? శ్రీరాంపూర్ పర్శరాములుకు ముందు పొమ్మని దారి ఇచ్చింది కనుక. లిడియా పర్శరాములు మనవి తెరిచింది. 'సిలిండర్ల ఉన్న ఆక్సిజన్ తొమ్మిదింటి దాకనే వస్తది. షాపు బందున్నది. ఎవలతానన్న ఉంటె జెప్పుండ్రి.'

అనిల్ కుమార్ గుమ్మం దగ్గరి నుంచి మెడ చాచి చదివాడు. "పర్శరాములన్న! బొగ్గు దుమ్ము తాగి తాగి ఊపిరితిత్తులు ఖరాబైనయ్. గిదెందుకు ఆగింది?"

"సూస్తున్న అన్న."

చూసింది. చూసి రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. పర్శరాములు కూడా దారి ఇచ్చాడు. లక్సెట్టిపేట భూమిక అనే పదో తరగతి పిల్లకు. ఆ పిల్ల మనవి: 'రేపు లెక్కల పరీక్ష. భయమైతుంది.' భూమిక ఎవరికి ఇచ్చింది? ఎలీసబెతమ్మకు, కోడలి సంగతి చదివి.

"అన్నా!" లిడియా తెరను ఆయన వైపు తిప్పింది. "ఊపిరాడని మనిషి లెక్కల పరీక్షకు దారిచ్చిండు! ఆమె ఈయనకిచ్చింది, ఈయన ఆ పిల్లకిచ్చిండు, ఆ పిల్ల మల్ల ఆమెకిచ్చింది. ముగ్గురు నువ్వు ముందు పో అంటె నువ్వు ముందు పో అనుకుంట నిలవడ్డరు. ఎవలు కదుల్తలేరు!"

"మిగిలినోళ్లు?"

"అందరు గదే పని. ఆరు వందల మంది!"

ఎర్ర బటన్ పెడితే అందరూ తోసుకొచ్చారు. ఒకరికొకరు కనబడేలా చేస్తే అందరూ పక్కకు జరిగి నిలబడ్డారు. ఈ జనంతో ఎట్లా వేగాలో లిడియాకు తెలియలేదు. తను పరీక్షించినప్పుడు నటించిన ఐదు వేల మందిలో ఒక్కరు కూడా ఇంత మర్యాదస్తులు కారు.

అనిల్ కుమార్ ఫోను తీసి తనకు తెలిసిన నలుగురిని సిలిండర్ కోసం అడిగాడు. ఎవరి దగ్గరా లేదు. గడియారం ఆరూ నలభై చూపిస్తోంది. "చెల్లే, నిమ్మలంగ చెయ్యి. నిమ్మలంగనే చెయ్యి, కాని జెల్ది," అన్నాడు.

నడుస్తున్న ప్రోగ్రాంను నడిమధ్యలో మార్చకూడదని లిడియాకు తెలుసు. తప్పు పడితే ఉన్న ఆరు వందలూ పోతాయి. ముందు అన్నిటికీ నకలు తీసి పక్కన పెట్టింది. తర్వాత కళ్లు మూసుకుంది; ప్రార్థించిందో, ఆలోచించిందో ఆమెకే తెలియాలి. ఈ జనం దారి ఇవ్వడం మానరు. మానమనడం కూడా పాపమే. అయితే, ఇచ్చినవాళ్లు ఆగవలసిన పనేముంది? ఎవరికి ఎక్కువమంది దారి ఇచ్చారో వాళ్లు ముందు పోవాలి. ఆ తర్వాత తక్కువవాళ్లు. సమానమైతే ముందు రాసినవాళ్లు. ఆపే నియమాన్ని తీసేసి, వరుసను అమర్చే చోట ఒక్క పంక్తి మార్చింది. నకలు మీద నడిపి చూసింది. ఆరూ యాభై ఏడుకు అసలుదాని మీద పెట్టింది.

వరుస కదిలింది. అన్నిటికంటే పైకి వచ్చి నిలబడింది పర్శరాములు మనవి. నలభై ఒక్క మంది ఆయనకు దారి ఇచ్చి ఉన్నారు.

మెసేజీ అందుకున్న పదిమందిలో మల్లేష్ ఒకడు. అతని తండ్రి పోయిన నెలలోనే కాలం చేశాడు. ఆయన కోసం తెచ్చిన నిండు సిలిండర్ వాపస్ ఇవ్వడానికి మనసు రాక వరండాలో అట్లాగే పెట్టుకున్నాడు. ఏడూ నలభైకి దాన్ని బండి మీద తాళ్లతో కట్టుకుని పర్శరాములు ఇంటికి తీసుకుపోయాడు.

ఎనిమిదింటికి లిడియా ఫోను మోగింది. అవతల ఊపిరి చప్పుడు, ఆగి ఆగి మాట.

"బిడ్డా... నేను పర్శరాములును. సిలిండర్ వచ్చింది. సల్లగుండు."

"మంచిదైంది తాతా. నువ్వు మాట్లాడకు, పండుకో."

"గా పరీక్ష పిల్లది... పోయిందా?"

లిడియా చూసింది. భూమికకు దారి ఇచ్చింది ఆయనొక్కడే. వరుసలో ఇంకా నాలుగు వందల అరవై రెండోది. "పోతది తాతా. జర టైం పడ్తది."

"ఆగం గాకుండ సూడు. సిన్నపిల్ల."

పది గంటలకు మళ్లీ చేశాడు. పదకొండింటికి ఆయన భార్యతో చేయించాడు. "ఈయన నన్ను సతాయిస్తుండు బిడ్డా, ఆ పిల్లది పోయిందో లేదో జెప్పు," అంది ఆమె. లిడియా మూడోసారీ అదే జవాబు చెప్పింది. వరుస తప్పించి ఆ మనవిని ఎత్తి ముందు పెట్టడం ఆమెకు ఒక్క క్షణం పని. పెట్టలేదు. మధ్యాహ్నం ఆరాధన గంట కొట్టడానికి కొద్ది ముందు భూమికది పోయింది. అది చూశాకే లిడియా చెప్పులు వెతుక్కుని గుడిలోకి పోయి, వెనక వరుసలో తండ్రి పక్కన కూర్చుంది.

మూడింటికి ఆరాధన ముగిసింది. కమిటీ వాళ్లు గుడి ముందరే నిలబడ్డారు. అనిల్ కుమార్ జేబులోంచి కాగితం తీసి, ఉన్నది ఉన్నట్టు చదివాడు. "పొద్దున ఆరుంబావు నుంచి నలభై రెండు నిమిషాలు ఆగింది. ఆగితె బంద్ పెడ్దమని జెప్పింది నేనే."

లిడియా నేల చూస్తూ నిలబడింది.

ఎలీసబెతమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది. "అనిలూ, ఆగింది మిషిని కాదు. మేం ఆగినం. నేను పొద్దున తొమ్మిది మందిని ముందుకు పొమ్మన్న. నా కోడలి సంగతి సదివి, ముఖం తెల్వని పద్నాలుగు మంది నాకు దారిచ్చిండ్రు. సోమవారానికి తోడు ఎవలొస్తరు అంటె నలుగురొస్తమన్నరు. బంద్ పెడ్తవా? పెట్టు. మల్ల కరీంనగర్‌కు నా కోడలితోని నువ్వే పోదువు."

కమిటీలో ఒకాయన నవ్వాపుకోలేకపోయాడు. పాస్టరయ్యగారు అనిల్ కుమార్ వైపు చూశారు. అనిల్ కుమార్ కాగితాన్ని తిప్పి, వెనక వైపు ఏదో రాశాడు.

"నాగవ్వకైన తీరు మల్ల కాలే. పర్శరాములన్నకు టైముకు అందింది. ఉంచుదం. నలభై రెండు నిమిషాలు ఆగిందని మాత్రం రాస్త. రాయకుండ ఉండ."

"రాయి అన్న," అంది లిడియా. "రాయాలె."

ఆమె మెట్ల మీద కూలబడింది. ఆశీర్వాదం నీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చాడు. ఆమె తాగుతుండగానే అనిల్ కుమార్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"చెల్లే, ఇంకోటి. కరీంనగర్ దిక్కు సంఘాలోళ్లు గూడ అడుగుతున్నరు. నలభై దాక ఉంటయ్. ఎప్పటి నుంచి పెట్టిస్తవ్?"

లిడియా సీసా దించింది. నిమిషానికి రెండు మనవులు. అవతల ఇంకో నలభై సంఘాలు. వాటిల్లో ఎందరు ఎలీసబెతమ్మలో, ఎందరు పర్శరాములులో.

"అన్నా," అంది, "పొద్దటి నుంచి ఉపాసమున్న. ముందుగాల నన్ను జర అన్నం తిననియ్యి."